పర్లేదండీ

పన్నెండున్నర అయింది. ఈయన గురక మొదలై గంటయింది. చిన్నదాని గది తలుపు కింద ఇంకా వెలుతురు కనబడుతోంది. నాకు మాత్రం నిద్ర రావట్లేదు. మోకాలు కాదు, సాయంత్రం తాగిన రెండో కాఫీ కూడా కాదు. పొద్దున మీటింగులో నా నోట్లోంచి ఊడిపడ్డ మాట ఒకటి, చెవిలో జోరీగలా తిరుగుతోంది.

"పర్లేదండీ."

మా అపార్టుమెంటు అసోసియేషన్ లెక్కలు నా నెత్తిన పడ్డ సంగతి ఇక్కడ ఇదివరకే ఏడ్చాను. ట్రెజరరుగారు కూతురి పురిటికి అమెరికా వెళ్తూ, "మూణ్ణెల్లే మేడమ్, మీరు బ్యాంకులో చేశారు, మీకిదో లెక్కా" అంటూ రెండు రిజిస్టర్లూ, ఒక బట్టల షాపు సంచీ నిండా బిల్లులూ నా చేతిలో పెట్టి వెళ్ళారు. ఆ మూణ్ణెల్లు ఏడు నెలలయ్యాయి. సంచీలో బిల్లులు సగానికి తేదీ లేదు. బోరు మోటారు రీవైండింగుకి ఒకే నెలలో రెండు బిల్లులు. లిఫ్టు ఏఎంసీ, అదే ఏడాది మరమ్మతుల ఒప్పందం, ఎప్పుడో అయిపోయింది, మేమంతా దేవుడి మీద భారం వేసి ఎక్కి దిగుతున్నాం. అన్నీ ఒక దారికి తెచ్చాను. ఎవరు ఎన్ని నెలలు మెయింటెనెన్సు బాకీయో తెల్లకాగితం మీద రాసి లిఫ్టు పక్కన అంటించాను. (ఆ గొడవ కూడా రాశాను. నాలుగో అంతస్తు వాళ్ళు ఇప్పటికీ నన్ను చూస్తే మొహం తిప్పుకుంటారు. బాకీ మాత్రం కట్టారు.)

ఇవాళ పదకొండింటికి సెల్లార్‌లో కుర్చీలేశారు. అమెరికా ఆయన ఇప్పట్లో రారట, కొత్త ట్రెజరర్ని ఎన్నుకోవాలి. నేను పెద్దగా ఏమీ అనుకోకుండానే వెళ్ళాను. అబద్ధం. గంజి పెట్టిన చీర కట్టుకుని మరీ వెళ్ళాను. ప్రెసిడెంటుగారు లేచి, "త్రీ నాట్ టూ గారు మొన్ననే రిటైరయ్యారు, ఖాళీగానే ఉంటున్నారు, ఆయన్ని పెడదాం" అన్నారు. చప్పట్లు. నిమిషం పట్టలేదు. త్రీ నాట్ టూ గారు కూడా పాపం ఉలిక్కిపడ్డారు. ఆ తర్వాత ప్రెసిడెంటుగారు నావైపు తిరిగి, "మేడమ్, మీరో రెండ్రోజులు కూర్చుని సార్‌కి అన్నీ చూపించండి. మీకూ కాస్త బరువు తగ్గుతుంది" అన్నారు.

నేను నవ్వి, పర్లేదండీ, చూపిస్తాను అన్నాను.

నవ్వకపోతే ఏం పోయేది? ఏడు నెలల్లో రూపాయి తేడా రానివ్వలేదే, పేరుకైనా ఒక్కరు "మీరే చేస్తారా మేడమ్" అని అడగలేదే అని కదా నా కడుపుమంట. అడిగితే వద్దనేదాన్నేమో కూడా. ఆ వద్దనేదేదో నేను అనాలి కదా.

సరే, ఇంతటితో అయిపోతే ఓ కప్పు టీ తాగి మర్చిపోదును. మధ్యాహ్నం భోజనాలయ్యాక చిన్నదీ నేనూ మ్యాడ్ మెన్ పెట్టుకున్నాం. ఆదివారం సీరియల్ అదే మాకిప్పుడు. నేను రెండోసారి, అది మొదటిసారి. రెండో సీజన్లో ఉన్నాం. చూడనివాళ్ళ కోసం రెండు ముక్కలు: న్యూయార్కు మాడిసన్ అవెన్యూలో ఒక ప్రకటనల కంపెనీ, 1960లో మొదలై 1970లో ముగిసే కథ. మగవాళ్ళు గదుల్లో, ఆడవాళ్ళు బయట టైపు మిషన్ల ముందు. 2007 నుంచి 2015 దాకా 92 ఎపిసోడ్లు వచ్చాయి. సిగరెట్టు పొగ టీవీలోంచి బయటికి వస్తుందేమో అనిపిస్తుంది.

ఇవాళ వచ్చింది రెండో సీజన్ ఎనిమిదోది. వస్తుందని నాకు గుర్తే లేదు. గుర్తుంటే ఇవాళ్టికి వాయిదా వేసేదాన్ని.

హ్యారీ అని ఒకడు టీవీ విభాగం చూస్తుంటాడు. విభాగమంటే వాడొక్కడే. ఏ సీరియల్ మధ్యలో ఎవరి ప్రకటన పడుతుందో ముందే స్క్రిప్టు చదివి చూసుకోవాలి. చదివే తీరిక లేక ఒక వాషింగ్ మెషీన్ ప్రకటన కమ్యూనిస్టు ఆందోళనకారుడి కథ మధ్యలో పడిపోతుంది. ఇంగ్లీషులో అతన్నీ అజిటేటరే అంటారు, మెషీన్లో బట్టలు తిప్పేదాన్నీ అజిటేటరే అంటారు. క్లయింటు గుర్రుమంటాడు. అప్పుడు ఆఫీసు మేనేజరు జోన్‌ని కాస్త చదివిపెట్టమంటాడు హ్యారీ. ఆవిడ ఇంటికి పట్టుకెళ్ళి మరీ చదువుతుంది. ఏ కథ ఎటు తిరుగుతుంది, ఎండాకాలంలో ఏది జనం వదలకుండా చూస్తారు, ఇవన్నీ క్లయింట్లకు చెబుతుంటే వాళ్ళ కళ్ళు వెలుగుతాయి. జోన్ కళ్ళు ఇంకా వెలుగుతాయి. మొదటి సీజన్ నుంచీ చూస్తున్నాం కదా, ఆ మొహంలో ఆ వెలుగు ఎప్పుడూ లేదు. అంతకుముందంతా ఆవిడ తెలివి ఎవరు ఎక్కడ కూర్చోవాలి, ఎవరి గుట్టు ఎవరికి తెలియకూడదు అన్నదగ్గరే ఖర్చయిపోయేది.

నాలుగు రోజులకి హ్యారీ ఒక కుర్రాణ్ణి వెంటబెట్టుకొస్తాడు. ఈ పనికి ఇతన్ని పెట్టుకున్నాం జోన్, కాస్త అన్నీ చెప్పు అంటాడు. అంతే. జోన్ మొహం ఒక్క క్షణం ఆగుతుంది. తర్వాత నవ్వుతుంది.

ఆ రాత్రి తన గదిలో మంచం మీద కూర్చుని, రోజంతా లోదుస్తుల పట్టీ ఒత్తుకుపోయి భుజం మీద పడ్డ ఎర్రటి గాడిని వేళ్ళతో మెల్లగా రుద్దుకుంటుంది. మాటల్లేవు. కన్నీళ్ళు లేవు. ఆ గాడి ఏ ఆడదాని భుజం మీద లేదు గనక! నేను రిమోట్ తీసుకుని ఆపేశాను.

"ఏమైందమ్మా?" అంది చిన్నది. నేను జవాబు చెప్పేలోపు, పేపరు వెనకనుంచి ఈయన: "ఆ రోజుల్లో అంతేలే."

ఇదిగో, ఈ మాట. పొద్దుటి గోరుచుట్టు మీద రోకటిపోటు.

ఆ రోజుల్లో అంతే. ఏ రోజుల్లో అండీ? రెండు గంటల క్రితం సెల్లార్లో మీరు నా పక్క కుర్చీలోనే ఉన్నారు. చప్పట్లు కొట్టారు కూడా. (కొట్టలేదంటున్నారు. నేను చూశాను.) పాతకాలం కథలతో వచ్చిన చిక్కే ఇదని అప్పుడు తెగ మండిపడ్డాను. మొట్టమొదటి ఎపిసోడ్లో కొత్తగా సెక్రటరీగా చేరిన పెగ్గీకి జోన్ టైపు మిషన్ చూపిస్తూ, భయపడకు, చేసిన మగవాళ్ళు ఆడదానికి కూడా అర్థమయ్యేలా తేలిగ్గానే చేశారు అంటుంది. చూస్తున్న మనం పక్కున నవ్వుతాం. అబ్బ ఎంత ఘోరంగా ఉండేదో, ఎంత దూరం వచ్చేశామో అని మన భుజం మనమే తట్టుకుంటాం. పైగా ఆ గౌన్లు, ఆ జుట్టు, ఆ గాజు గ్లాసులు అంత అందంగా చూపిస్తే ఎవరికి కోపం వస్తుంది, కొనుక్కోవాలనిపిస్తుంది గానీ. నిజంగానే కొనుక్కున్నారు కూడా. 2011లో బనానా రిపబ్లిక్ వాళ్ళు ఈ సీరియల్ పేరుతో బట్టలే అమ్మారు. అంతకుముందు ఏడాది మాటెల్ వాళ్ళు బార్బీ బొమ్మలు వేశారు: కథానాయకుడు డాన్, అతని భార్య బెట్టీ, కంపెనీ యజమానుల్లో ఒకడైన రోజర్, జోన్. పెగ్గీకి బొమ్మ లేదు. తన తెలివితో పైకొచ్చినదానికి బొమ్మ లేదు, పైకి రానివ్వనిదానికి ఉంది. ఇంకోటి చెప్పనా, ఈ సీరియల్‌కి ఎమ్మీ, అంటే అక్కడి టీవీ అవార్డు, ఉత్తమ డ్రామాగా వరసగా నాలుగేళ్ళు వచ్చింది. నటనకి వచ్చింది మొత్తం మీద ఒక్కటే, చివరి ఏడాది, అదీ డాన్ వేసిన జాన్ హామ్‌కి. జోన్ వేసినావిడ పేరు ఆరుసార్లు నామినేషన్లలో ఉంది. ఆరుసార్లూ నవ్వుతూ చప్పట్లు కొట్టి ఇంటికెళ్ళింది.

ఇదంతా గడగడా అప్పజెప్పాను ఈయనకి. "అమెరికాలో కూడా అలాగే ఉండేదన్నమాట" అన్నారు, మన దగ్గర ఏదో వెలిగిపోయినట్టు. మన దగ్గర ముత్తమ్మగారని, విదేశాంగ సర్వీసులో చేరిన మొదటి ఆడమనిషి, ప్రమోషన్ కోసం సుప్రీంకోర్టుకెక్కింది 1979లో. ఆడ ఆఫీసరు పెళ్ళి చేసుకోవాలంటే ముందు సర్కారు దగ్గర రాతమూలకంగా అనుమతి తీసుకోవాలనే రూలు ఉండేది వాళ్ళకి. మగవాళ్ళకి లేదు. ఈ ముక్క చెప్పేసరికి ఈయన పేపరు మడిచి నడకకి వెళ్ళిపోయారు. ఎర్రటి ఎండలో, మూడున్నరకి.

ఇప్పుడు నిదానంగా కూర్చుని రాస్తుంటే అనిపిస్తోంది, ఆ కోపం సీరియల్ మీద చూపించడం అన్యాయమేమో. తీసినవాళ్ళకి తెలుసు. ఆ సీన్లో హ్యారీ దుర్మార్గుడు కాడు. ఆ ఆఫీసులో అంతకన్నా వెధవలు బోలెడుమంది. హ్యారీకి అసలు తను చేసిందేమిటో తెలియదు. ఆవిడకి ఆ పని కావాలనే ఊహే రాలేదు అతనికి. పైగా పనిభారం తీసేశాననుకున్నాడు. గిల్లినవాడి మీద, వెకిలి కూత కూసినవాడి మీద కోపం తెచ్చుకోవడం తేలిక. మేలు చేశాననుకునేవాడి మీద ఏమని తెచ్చుకుంటాం?

మేనేజరుగారు గుర్తొస్తున్నారు. పేరు రాయను, చాలా మంచాయన.

1994. నేను క్లర్కుని. గోదావరి పక్క ఒక చిన్న ఊరు, బ్రాంచి అంతా కలిపి తొమ్మిదిమందిమి. పెద్దది మూడేళ్ళది, ఇది ఇంకా పుట్టలేదు. మా ఫీల్డ్ ఆఫీసరుగారికి కామెర్లొచ్చి లాంగ్ లీవు పెట్టారు. అడ్వాన్సుల సీటు, అంటే లోన్లు చూసే సీటు, ఖాళీ. "అమ్మా, కాస్త చూస్తుండు" అన్నారు మేనేజరుగారు. కాస్త అంటే అయిదు నెలలు.

బీరువా తెరిస్తే పంటలోన్ల డాక్యుమెంట్లు తాళ్ళతో కట్టి గుట్టలు గుట్టలుగా ఉన్నాయి. బ్యాంకులో చేసినవాళ్ళకి తెలుసు, డీపీ నోటుకి, అంటే అప్పు తీసుకున్నవాడు రాసిచ్చే పత్రానికి, మూడేళ్ళు ఆయుష్షు. ఆలోపు రైతు వచ్చి బాకీ ఉన్నానని రివైవల్ లెటరు మీద సంతకం పెట్టకపోతే కాగితం టైమ్ బార్ అయిపోతుంది, ఇక కోర్టుకెళ్ళినా లాభం లేదు. ఏ నోటు ఎప్పుడు చస్తుందో చూసేవాడు లేడు. నేను ఒక పొడుగు రిజిస్టరు తీసుకుని నెలల వారీగా గీతలు కొట్టి, ఆ నెలలో గడువు తీరేవాళ్ళ పేర్లు ఎర్ర ఇంకుతో ఎక్కించాను. పేరు, ఊరు, నోటు తేదీ, పక్కన చిన్న గడి. సంతకం అవగానే ఆ గడిలో టిక్కు. మంగళవారం సంత. రైతులు సంచులు భుజాన వేసుకుని అటే పోతుంటారు. అటెండరుకి పేర్ల చీటీ ఇచ్చి గేటు దగ్గర నిలబెట్టేదాన్ని. దొరికినవాణ్ణి దొరికినట్టు లోపలికి తెచ్చేవాడు. "ఏందమ్మా, పోలీసుల్లా పట్టుకుంటున్నారు" అని నవ్వేవాళ్ళు. వేలిముద్ర వేశాక ఆ సిరా బొటనవేలు తుడుచుకోడానికి పాత వోచర్ల కాగితాలు కట్ట కట్టి టేబుల్ పక్కన వేలాడదీశాను. అయిదు నెలల్లో నలభై ఒక్క నోట్లు బతికించాను. ఆ అంకె ఇప్పటికీ గుర్తుంది. పెళ్ళిరోజు మర్చిపోతాను గానీ ఇది మర్చిపోను.

ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినాయన రిజిస్టరు తిరగేసి ఎవరు రాశారిది అన్నారు. "మా స్టాఫేనండీ" అన్నారు మేనేజరుగారు. నేను ఆ పక్కనే ఉన్నాను, లెడ్జరు పట్టుకుని.

తర్వాతి నెల ప్రొబేషనరీ ఆఫీసరు వచ్చాడు. ఇరవై నాలుగేళ్ళవాడు, షర్టు మీద మడత చెదరలేదు, వరిపొలానికీ చెరుకుతోటకీ తేడా తెలియని హైదరాబాదు పిల్లాడు. "అమ్మా, కుర్రాడికి కాస్త చూపించు. నీకూ రిలీఫు" అన్నారు మేనేజరుగారు. పర్లేదు సార్ అన్నాను. చూశారా, అప్పట్నించీ ఉంది ఈ జబ్బు. పది రోజులు పక్కన కుర్చీ వేసుకుని నేర్పాను. "మేడమ్, ఈ ఎర్ర ఇంకు ఏంటి?" అని అడిగాడు మొదటిరోజే. చెప్పాను. నా ఎర్ర పెన్ను కూడా ఇచ్చేశాను, కొత్త రెఫిల్ వేసి మరీ. పదకొండో రోజు సేవింగ్స్ కౌంటర్లో నా పాత టోకెన్ల డబ్బా ముందు కూర్చున్నాను. ఆ సాయంత్రం ఇంటికెళ్తే అత్తగారు, మొహం అలా వాడిపోయిందేమే అన్నారు. ఎండ అన్నాను. డిసెంబరు నెలలో!

మధ్యాహ్నం ఇంత వివరంగా కాకపోయినా ఇదే చెప్పాను చిన్నదానికి. అది ఒళ్ళో దిండు పెట్టుకుని విని, "మరి అడగొచ్చుగా అమ్మా? పెగ్గీ అడుగుతుందిగా" అంది.

అడుగుతుంది, నిజమే. జోన్‌తో పోలిస్తే పెగ్గీకి సిగ్గు తక్కువ, మంచి అర్థంలో. ఈ సీజన్ చివర్లోనే, జిరాక్సు మిషనుతో ఒకే గదిలో సర్దుకోలేక రోజర్ దగ్గరికి వెళ్ళి ఖాళీగా ఉన్న గది నాకివ్వండి అంటుంది. బయట ముప్ఫైమంది మగవాళ్ళున్నారు, ఒక్కడికీ నన్నడిగే దమ్ము లేకపోయింది అని ఆయన నవ్వి ఇచ్చేస్తాడు. చిన్నదానికి చెప్పకుండా దాచినదేమంటే, వచ్చే సీజన్లో అదే పెగ్గీ డాన్ దగ్గరికి వెళ్ళి జీతం పెంచమంటుంది. 1963. సమాన జీతం చట్టం మీద కెన్నెడీ జూన్‌లోనే సంతకం పెట్టాడు. ఆ చట్టం సంగతి కూడా ఎత్తుతుంది పాపం. ఇప్పుడు సమయం కాదంటాడు డాన్. గది ఖాళీగా ఉంది కాబట్టి ఇచ్చారు, జీతం ఖాళీగా లేదు. అడగడానికీ ఇవ్వడానికీ మధ్య ఇలాంటివి ఎన్నుంటాయో ఇరవయ్యారేళ్ళకి తెలియదు. నాకూ తెలియదప్పుడు.

నాలుగో సీజన్లో ఇంకోటుంది, అది వచ్చినప్పుడు చిన్నది నాతో పోట్లాడుతుంది, ఇప్పట్నించే సిద్ధంగా ఉన్నా. ఒక కుర్రవెధవ జోన్ మీద బూతుబొమ్మ గీసి అద్దానికి అంటిస్తాడు. పెగ్గీ వాణ్ణి అక్కడికక్కడే ఉద్యోగంలోంచి తీసేస్తుంది. లిఫ్టులో జోన్ కలిస్తే థ్యాంక్స్ చెబుతుందనుకుంటుంది. జోన్ ఏమంటుందంటే, వాణ్ణి నేను ఒక పెద్ద క్లయింటుతో ఓ డిన్నరు చేసి చడీచప్పుడు లేకుండా సాగనంపగలను, నువ్వు చేసిందల్లా నేనొక ఉత్త సెక్రటరీననీ, నువ్వు నవ్వడం తెలియనిదానివనీ వాళ్ళకి రుజువు చేయడమే అని. మొదటిసారి చూసినప్పుడు నేను వంద శాతం జోన్ పక్షం. ఎంత బాగా చెప్పింది అనుకున్నాను. ఇవాళ తల్చుకుంటే, ఆ డిన్నర్లు ఎన్ని తినాలమ్మా నువ్వు, ఎన్నేళ్ళు తినాలి అనిపిస్తోంది. చివరికి ఆవిడకి కంపెనీలో అయిదు శాతం వాటా ఎలా వచ్చిందో చూసినవాళ్ళకి తెలుసు. నేను రాయను.

చివర్లో, 1970లో, జోన్ కూడా అడుగుతుంది. కంపెనీని మింగిన పెద్ద కంపెనీ అధిపతి ఎదురుగా నిలబడి, తనకి రావాల్సిన అయిదు లక్షల డాలర్లు ఇవ్వకపోతే ఫిర్యాదు పెడతానంటుంది. అదేం గాలి మాట కాదు. ఆ మార్చిలో న్యూస్‌వీక్ పత్రికలో పనిచేసే 46 మంది ఆడవాళ్ళు నిజంగానే ఫిర్యాదు పెట్టారు. సమాచారం సేకరించిపెట్టేది వాళ్ళు, పేరేసుకుని రాసేది మగవాళ్ళు. అయినా జోన్‌కి దక్కింది సగం. కొడుకు ఫొటో, ఫోను నంబర్ల డబ్బా తీసుకుని వెళ్ళిపోతుంది. సగానికి ఒప్పుకుందే అని ఇదివరకు బాధపడేదాన్ని. ఇప్పుడు సగమైనా గుంజిందే అనిపిస్తోంది. రేపేమనిపిస్తుందో.

ఇంకో సంగతి కూడా రాసేస్తాను, ఇంత రాశాక దాచడమెందుకు. ఆ కుర్రాడు ఆఫీసరు, నేను క్లర్కు. ఆ సీటు రూలు ప్రకారం ఆఫీసరుదే. దాని ముందు ఏడాదే ఆఫీసరు ప్రమోషన్ పరీక్షకి నా పేరొస్తే, ఫర్‌గో చేస్తున్నానని, అంటే వదులుకుంటున్నానని, నా చేత్తో నేనే రాసిచ్చాను. ప్రమోషనంటే ట్రాన్స్‌ఫర్, ఎక్కడ పడేస్తారో తెలియదు. మావగారికి పక్షవాతం, పెద్దది చంటిది. ఈయన వద్దనలేదు. "నీ ఇష్టం" అన్నారు. ఆ నీ ఇష్టం ఎలాంటిదో పెళ్ళయినవాళ్ళకి చెప్పక్కర్లేదు. కాబట్టి మేనేజరుగారు అన్యాయం చేశారని ఎక్కడా కేసు పెట్టలేను. ముప్ఫై ఏళ్ళు ఆయన మీద పెట్టుకున్న కోపం నిజానికి ఎవరికి చెందాలో ఇవాళ రాత్రి తేలేలా లేదు.

ఆ కుర్రాడు తర్వాత చాలా పైకి వెళ్ళాడు. ప్రతి సంక్రాంతికీ ఫోన్ చేస్తాడు. "మేడమ్, నాకు లోన్లు నేర్పింది మీరే" అంటాడు. మనస్ఫూర్తిగానే అంటాడు. ఆ ఫోనొచ్చిన రోజు నాకు సంతోషంగా ఉంటుంది, ఓ గంట. తర్వాత గారెలు మాడుస్తాను.

రేపు పదింటికి త్రీ నాట్ టూ గారు వస్తానన్నారు. రిజిస్టర్లు, రసీదు పుస్తకాలు, పాస్‌బుక్కు, ఎవరెవరికి ఏ తేదీకి చెల్లించాలో రాసిన అట్ట, అన్నీ టేబుల్ మీద సర్దేశాను. ట్యాంకరు సంగతి ఒకటుంది. వాడు పదివేల లీటర్లంటాడు, పొయ్యడు. అందుకని సంపు లోతుకి సరిపడా పాత దోమతెర కర్ర ఒకటి తీసుకుని, దాని మీద సుద్దముక్కతో గీతలు పెట్టాను. నీళ్ళు పోయకముందు ఒకసారి, పోశాక ఒకసారి ముంచి చూస్తే ఎన్ని వచ్చాయో తెలిసిపోతుంది. వాడు నన్ను చూస్తే నోరెత్తడు. ఈ కర్ర సంగతి ఏ రిజిస్టర్లోనూ లేదు. వాచ్‌మన్ భార్యకీ నాకే తెలుసు.

బాల్కనీలో బట్టల స్టాండు వెనక ఉంది. టేబుల్ మీద పెడదామని ఇందాక ఒకసారి లేచి వెళ్ళి, చేతిలోకి తీసుకుని, మళ్ళీ అక్కడే పెట్టేసి వచ్చాను.